ఒంటిగంట నుంచి మూడు దాకా

బ్రూక్‌ఫీల్డ్,
4 ఫిబ్రవరి 2025, మంగళవారం

అత్తా,

నిన్న ఫోన్‌లో నేను "బ్యాటరీ వచ్చింది" అంటే నువ్వు "బావగారా? ఎవరి బావగారు?" అని అరగంట ఆరా తీశావు. పాతికేళ్ళు పిండిమిల్లు పక్కన నిలబడ్డ చెవులు, వాటి తప్పేం లేదు. వాట్సాప్‌లో రాయమంటే వేళ్ళకి పిండి, ఫోన్ నా మాట వినదంటావు. అందుకని ఇకమీదట మనకి జాబులే. మహబూబ్ బాషా అన్న ఎలాగూ మంగళవారం, శుక్రవారం నీ రాగిపిండి మూటలు టెంపోలో ఇక్కడి అంగళ్ళకి తెస్తాడు. పోతూ పోతూ ఇది పట్టుకెళతాడు.

ఇక అసలు సంగతి. మీ గొల్లకుంట కరెంటు పని మొత్తం మా హేమంత్‌కుమార్ సార్ నా చేతికిచ్చారు! నాలుగేళ్ళుగా ఇంకొకరి లెక్కలు సరిచూడ్డమే నా ఉద్యోగం. ఇది మొదటిసారి నాదే అనుకునే పని. నిన్న ఆఫీసు మెట్ల మీద గంతేశాను, చెప్పు తెగింది.

స్కూలు కప్పు మీద సోలార్ పలకలు బిగించారు కదా, పక్క గదిలో ఉన్నది బ్యాటరీ. హొసకోటె నుంచి వచ్చే లైను పోయినా మీ నలభై రెండు ఇళ్ళూ వెలుగుతాయి. కాకపోతే ఎండ ఎంతో కరెంటు అంతే. అందుకని ఎవరు ఎప్పుడు వాడుకోవాలో టైము వేయాలి. బల్బు ఆగకూడదు, ఫ్యాను ఆగకూడదు. నీ మిల్లు ఆగగలదు. ఊరి నీళ్ళ మోటరు ఆగగలదు. రాగులు పొద్దున ఆడినా మధ్యాహ్నం ఆడినా పిండే కదా! ఇలా సర్దుకోగలిగిన వాటిని మేం 'ఫ్లెక్సిబుల్ లోడ్' అంటాం. అంటే వంగే లోడు.

టైము ఇది: తొమ్మిది నుంచి పదకొండు నీళ్ళ మోటరు. పదకొండు నుంచి ఒకటి నీ మిల్లు. ఒంటిగంట నుంచి మూడు దాకా రెండూ ఆపాలి, ఆ ఎండంతా బ్యాటరీకి. ఆ రెండు గంటలూ పెద్ద మోటార్ల లైను ఇక్కణ్ణించి నేనే ఆపేస్తాను. మిగతా వేళ మీ వంతులు మీరే చూసుకోవాలి. మూడు నెలలు చూస్తారట. కుదిరితే బ్యాటరీ ఊళ్ళోనే ఉంచేస్తారు, లేకపోతే ఎత్తేస్తారు.

నా పరువు నీ మిల్లు బెల్టుకి వేలాడుతోంది అత్తా.

నీ మేనకోడలు
అక్షర

గొల్లకుంట,
7 ఫిబ్రవరి, శుక్రవారం

అక్షరమ్మకు, మీ అత్త భాగీరథమ్మ నూరేండ్లు చల్లగా ఉండమని రాసేది.

నా మిల్లు వంగేదా? మీ మామ పోయిన ఇరవై రెండేండ్ల నుంచీ ఒక్కదాన్నే నిలబెట్టిన మిల్లు అది. పొద్దున ఆరింటికి మొదలుపెడితే తొమ్మిదికి ముగిస్తాను, మళ్ళా సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది. ఈ ఊర్లో నా మిల్లు సద్దు విని గడియారం సరిచేసుకుంటారు. పదకొండింటికి ఎవురొస్తారు పాపా? అంగన్‌వాడీ నేత్రావతి నాతోనే కొట్లాటకు వచ్చింది. "మీ మేనకోడలు మా తలకాయలు తినేకే చదివిందా?" అనింది. నేనూ విడవలేదులే. "మీకు చీకట్లో ముద్ద తినేది అలవాటయింది, దానికేం చేసేది" అన్నాను.

ఇంకో సంగతి. నా పక్క వంతు ఆ నీళ్ళ శ్రీనివాసప్పకు ఇచ్చినావే, ఆయప్పకూ నాకూ పడదు. పైపు వేసేకని నా మిల్లు ముందర గుంత తవ్వి నెల దినాలు మూయకుండా పెట్టిండాడు. ఒక ముసలామె రాగిమూటతో దాంట్లో పడింది. అప్పటినుంచి మాటల్లేవు. ఎన్నేండ్లయిందో లెక్క కూడా మరిచిపోయినా.

నీ కోసమని చేస్తాను. వంగుతాము, సరేనా.

మీ అత్త

బ్రూక్‌ఫీల్డ్,
25 ఫిబ్రవరి, మంగళవారం

నా బంగారు అత్తా,

పదిహేడు రోజులు! పదిహేడు సాయంత్రాలు లైను పోయినా గొల్లకుంటలో ఒక్క దీపం ఆరలేదు! నేనిక్కడ తెరమీద గీతలు చూస్తుంటాను. తొమ్మిదికి నీళ్ళ మోటరు గీత లేస్తుంది, పదకొండుకి అది కూర్చుని నీ మిల్లు లేస్తుంది, ఒంటిగంటకి నువ్వూ కూర్చుంటావు. నాట్యం చేసినట్టుంటుంది. హేమంత్‌కుమార్ సార్ వచ్చి చూసి "హూఁ" అన్నారు. ఆయన "హూఁ" అనడమంటే వేరేవాళ్ళు చప్పట్లు కొట్టడమే.

మరి ఒంటిగంట నుంచి మూడు దాకా ఏం చేస్తున్నావు? కాస్త కునుకు తియ్యి. పాతికేళ్ళ నిద్ర బాకీ ఉంది నీకు.

అక్షర

గొల్లకుంట,
28 ఫిబ్రవరి, శుక్రవారం

అక్షరమ్మకు అత్త దీవెనలు.

నిద్ర ఎక్కడ పాపా. ఒంటిగంట అయ్యిందంటే ఆ శ్రీనివాసప్ప వచ్చి మిల్లు అరుగు మీద కూర్చుంటాడు. మొదటి దినం "ఈ టైము మీకు సరిపోతా ఉండాదా?" అని అడిగేకి వచ్చినా అన్నాడు. రెండో దినం ఎండ ఎక్కువ అన్నాడు. ఎండ ఎక్కువని చెప్పేకి ఎండలో నడిచొస్తారా ఎవురన్నా? మూడో దినం ఆ పాత గుంత సంగతి తీసి, తప్పయిందమ్మా అన్నాడు. ముద్ద, బస్సారు పులుసు ఉంటే పెట్టినా. తిని, కంచం ఆయప్పే కడిగిపెట్టినాడు.

అప్పటినుంచి దినామూ ఇదే పని. వచ్చేసిన మనిషిని పొమ్మనేకి అయితాదా చెప్పు. పోయే వచ్చే జనం చూస్తా ఉండారు. నాకు ఇదొక పెద్ద తలనొప్పి అయిపోయింది.

ఇక్కడి కాఫీపొడి బాగలేదు. మీ తావు మంచిది దొరికితే బాషా చేతికి అర్ధకిలో ఇచ్చి పంపు.

మీ అత్త

బ్రూక్‌ఫీల్డ్,
4 మార్చి, మంగళవారం

అత్తా,

నీ తలనొప్పికి మందు కనిపెట్టాను! కాఫీపొడి కాదు, అదీ పంపుతున్నాననుకో. అసలు మందు వేరే.

పాపం, ఆ మనిషిని పొమ్మనలేక ఎంత అవస్థ పడుతున్నావో! నా టైము వల్లే కదా ఇద్దరూ ఒకే వేళకి ఖాళీ అవుతున్నారు. అందుకని మార్చేశాను. ఇకనుంచి బ్యాటరీ నింపేది పొద్దున తొమ్మిది నుంచి పదకొండు. అప్పుడు రెండు మోటార్లకీ లైను ఉండదు. పదకొండు నుంచి ఒకటి నీ మిల్లు మామూలే. ఒంటిగంట నుంచి మూడు దాకా నీళ్ళ మోటరు. అంటే నువ్వు ఖాళీగా ఉన్నప్పుడు శ్రీనివాసప్ప గారు వీధి వీధికీ వాల్వులు తిప్పుకుంటూ ఉంటారు. నీ అరుగు నీదే!

హాయిగా పడుకో. నాకు థ్యాంక్స్ చెప్పక్కర్లేదు.

అక్షర

గొల్లకుంట,
11 మార్చి, మంగళవారం

అక్షరకు,

కొత్త టైము బాగలేదు. పాతదే పెట్టు.

పొద్దుటి ఎండ లేతగా ఉంటాది, బ్యాటరీకి వంటబట్టదు. మధ్యాహ్నం ఎండ అయితే గట్టిగా ఉంటాది. ఇంకా మధ్యాహ్నం పట్టిన నీళ్ళు వేడిగా వస్తా ఉండాయని ఊర్లో అందరూ బేజారు పడతా ఉండారు. అందరూ అంటే అందరూ. పాతదే అందరికీ మేలు.

కాఫీపొడి డబ్బా మూత కూడా తీయలేదు.

భాగీరథమ్మ

బ్రూక్‌ఫీల్డ్,
14 మార్చి, శుక్రవారం

అత్తా,

నీ జాబు ఆఫీసులో నలుగురికి చదివి వినిపించాను, "లేత ఎండ బ్యాటరీకి వంటబట్టదు" దగ్గర అందరం పడీ పడీ నవ్వాం! ఎండకి లేత, ముదురు ఉండవు అత్తా. తొమ్మిదింటి ఎండతో కూడా బాగానే నిండుతోంది. కొత్తలో ఏ మార్పయినా ఇబ్బందిగానే ఉంటుంది, మొదట్లో కూడా ఇలాగే అన్నావుగా. రెండు వారాలు ఓర్చుకో.

తలనొప్పి తగ్గిందా?

అక్షర

బ్రూక్‌ఫీల్డ్,
21 మార్చి, శుక్రవారం

అత్తా,

ఈసారి నవ్వుతూ రాయడం లేదు.

సోమ, బుధ, గురు, మూడు సాయంత్రాలు ఊరు చీకట్లో ఉంది. ఎందుకో నాకు ఇక్కడ తెరమీద కనిపిస్తోంది. నీ మిల్లు ఆడుతుండగా పన్నెండింటికి శ్రీనివాసప్ప గారు నీళ్ళ మోటరు కూడా వేస్తున్నారు. రెండు పెద్ద మోటార్లు ఒకేసారి లాగితే యంత్రం భరించలేక మొత్తం ఆపేసుకుంటుంది. మా మనిషి బ్రూక్‌ఫీల్డ్ నుంచి ట్రాఫిక్‌లో పడి వచ్చి సరిచేసేసరికి పొద్దు కుంగుతోంది. ఇక బ్యాటరీలో ఏముంటుంది?

మీ ఇద్దరికీ పడదని తెలుసు. కానీ పంతానికి పంతమని ఇద్దరూ ఒకే వేళకి మోటార్లు వేసుకుంటే ఊరంతా ఏం కావాలి? హేమంత్‌కుమార్ సార్ ఇవాళ పిలిచి, "ఆ ఊరివాళ్ళకి ఇష్టం లేనట్టుంది. బ్యాటరీ తీసి చందాపురలో ఫ్యాక్టరీ వాళ్ళకి ఇచ్చేద్దాం" అన్నారు. నేను బాత్రూంలోకి వెళ్ళి ఏడ్చి, ముఖం కడుక్కొని వచ్చాను.

శ్రీనివాసప్ప గారిని నేను స్వయంగా అడుగుతాను. లేదా పంచాయతీకి చెప్పి ఆయన్ని మోటరు పని నుంచి మార్పించమంటావా?

అక్షర

గొల్లకుంట,
25 మార్చి, మంగళవారం

నా తల్లీ,

ఆయప్పను మార్పించద్దు. ఆయప్ప మీద కోపం చేసుకోవద్దు. తప్పు నాది. ఇది రాసేకి నాలుగు కాగితాలు చింపినా.

నీకు ఎట్ల చెప్పేది? నువ్వు నా చేతిలో పెరిగిన బిడ్డవి. నాకు యాభై ఎనిమిదేండ్లు.

ఇన్నేండ్లూ పొద్దున నేను పిండి ఆడించే వేళకే ఆయప్ప నీళ్ళు వదిలేది. సాయంత్రమూ అంతే. ఒక ఊర్లోనే ఉన్నాము కానీ, ఇద్దరమూ ఒక్క గడియ ఊరికే కూర్చునింది లేదు. ఆయప్ప భార్య పోయి పదకొండేండ్లని నాకు తెలుసు. ఎట్ల వండుకుంటాడో, ఏం తింటాడో ఎప్పుడూ తెలీదు. నువ్వు ఆ రెండు గంటలు ఖాళీ పెట్టినాక తెలిసింది. మిల్లు ఆగి, దుమ్ము దిగి, సద్దు లేనప్పుడు ఆయప్ప నా కుడిచెవి పక్కన కూర్చుని మెల్లగా మాట్లాడతాడు. అన్నీ వినబడతాయి పాపా. ఎన్నేండ్లయిందో ఒక మనిషి మాట నాకు ముక్క పోకుండా వినబడి.

తలనొప్పి అని రాసినా కదా, అది సిగ్గుతో రాసింది. నువ్వు దాన్ని నిజమనుకొని, నీ చేత్తో నువ్వే మమ్మల్ని విడదీసినావు!

నేనే అన్నా ఆయప్పతో, "పన్నెండింటికే నీళ్ళు వదిలేసి వచ్చేయి" అని. తొమ్మిదికి లైను ఇవ్వవు, ఇంకేం చేసేది. మొదటి దినం కరెంటు పోతే ఏదో వైరు తెగిందనుకున్నాము. మూడో దినానికి ఆయప్పకు అర్థమయింది, "మన వల్లే ఊరు చీకటయింది భాగీరథమ్మా" అని తలకాయ పట్టుకున్నాడు. శుక్రవారం నుంచి నీ టైమే పాటిస్తా ఉండాము. ఆయప్ప ఎండలో వాల్వులు తిప్పుతా ఉంటాడు, నేను అరుగు మీద కూర్చొని చూస్తా ఉంటా.

మీ నాయనకు చెప్పొద్దు.

మీ అత్త

బ్రూక్‌ఫీల్డ్,
28 మార్చి, శుక్రవారం

అత్తా అత్తా అత్తా,

నీ జాబు బాషా అన్న ఎదుటే చదివేశాను. అన్న మూటలు దించే అంగడి మెట్ల మీదే కూర్చుని, ఏడుస్తూ నవ్వుతూ, మళ్ళీ మొదటినుంచీ చదివాను. అన్న భయపడిపోయి సోడా తెచ్చిచ్చాడు. నేనెంత మొద్దునత్తా! కాఫీపొడి అడిగినప్పుడైనా తట్టొద్దూ? నువ్వు పుట్టి బుద్ధెరిగాక కాఫీ తాగిన మనిషివేనా!

పాత టైము పెట్టేశాను. సోమవారం నుంచి ఒంటిగంటకి లైను ఆగుతుంది, మూడింటికి వస్తుంది. ప్రపంచం తలకిందులైనా దాన్ని మార్చను.

కానీ ఒక గండం ఉంది. సార్‌ని బతిమాలి ఒక వారం తీసుకున్నాను. ఏప్రిల్ ఒకటి నుంచి ఏడు దాకా ఒక్క సాయంత్రం కూడా చీకటి కాకూడదు. అయితే మూడు, నాలుగు, ఐదు తేదీల్లో గట్టిగా మబ్బు పడుతుందని మా అంచనా. మబ్బులో బ్యాటరీ సగమే నిండుతుంది. మీ రెండు మోటార్లు సర్దుకున్నా చాలదు. ఆ మూడు రోజులూ ఊళ్ళో సాయంత్రం మిక్సీ, ఇస్త్రీపెట్టె, గీజరు, టీవీ ఎవరూ వేయకూడదు. ఇంటికి ఒక బల్బు, ఒక ఫ్యాను, అంతే. నలభై రెండు ఇళ్ళవాళ్ళనీ ఒప్పించాలి. బిల్లులో తగ్గిస్తామంటే ఒప్పుకుంటారేమో అడుగు.

ఆయన్ని నేనేమని పిలవాలో కూడా అడుగు.

నీ మొద్దు అక్షర

గొల్లకుంట,
8 ఏప్రిల్, మంగళవారం

అక్షరమ్మకు,

ఎక్కడ మొదలుపెట్టేది!

మూడో తేదీ నువ్వు చెప్పినట్లే మబ్బు కమ్ముకునింది. ముందే నేనూ ఆయప్పా ఇల్లిల్లూ తిరిగినాము. బిల్లు తగ్గిస్తారంటే ఎవురూ లెక్కపెట్టలేదు. "రెండు కాసులకు మూడు దినాలు టీవీ మానేదా?" అనింది నేత్రావతి. ఆ దినం పదకొండు తర్వాత మిల్లు కాడ గుంపు. ఇరవై మంది ఆడోళ్ళు రాగుల తట్టలతో నిలబడిండారు. మిల్లు ఆడతా ఉండాది. నేను ఆ సద్దులోనే గొంతు చించుకొని అడుగుతా ఉండా, వాళ్ళు కాదని తల ఊపుతా ఉండారు.

అప్పుడు ఆయప్ప వచ్చినాడు. తెల్ల చొక్కా వేసుకొనిండాడు. నేరుగా వచ్చి నా చెవి కాడ ఏమో చెప్పినాడు. నేను "ఏమి?" అన్నా. ఇంకొంచెం గట్టిగా చెప్పినాడు. "ఏమి? ఏమి?" అన్నా. పాపం, ఆ మనిషి ఊపిరి పీల్చుకొని, ఉండే బలమంతా పెట్టి అరిచినాడు. సరిగ్గా ఆ గడియకే ఒంటిగంట అయింది. నువ్వు అక్కడ లైను ఆపేసినావు. మిల్లు టక్కున నిలిచిపోయింది. ఆ నిశ్శబ్దంలో ఊరి ఆ కొస దాకా వినబడింది:

"భాగీరథీ! నన్ను పెండ్లి చేసుకుంటావా?"

'అమ్మా' లేదు పాపా. వట్టి 'భాగీరథీ'!

ఆయప్ప ముఖం మిరపకాయ. పారిపోయేకి అటూ ఇటూ చూసినాడు, చుట్టూ రాగుల తట్టలు, దారి లేదు. ముందు నేత్రావతి నవ్వింది. తర్వాత అందరూ. ఎగతాళి నవ్వు కాదు, వానకు పిల్లోళ్ళు ఎగిరినట్ల. "ఆ మాట చెప్పేకి ఇన్ని దినాలా?" అనింది ఒకామె. "మేమంతా ఉగాదికే అనుకున్నామే!" అనింది ఇంకొకామె. ఊరంతటికీ తెలుసంట! నీకు ఒక్కదానికే తెలీదు!

అప్పుడు నేత్రావతి నడుము మీద చేయి పెట్టుకొని, "భాగీరథక్కా, బిల్లు సంగతి పక్కన పెట్టు. నువ్వు ఊఁ అంటే మూడు దినాలు కాదు, ఐదు దినాలు మిక్సీ ముట్టము. కాదంటే ఇప్పుడే పోయి ఇస్త్రీపెట్టె వేస్తాను" అనింది. అందరూ "ఊఁ అను, ఊఁ అను" అని గలాటా.

నేను ఆయప్పను చూసినా. "ఊఁ" అన్నా. ఆయప్పకు వినబడలేదంట! "ఏమి?" అన్నాడు. నేనూ అరిచినా.

ఒక్క మాట నీకు మాత్రమే చెప్తా, ఎవురికీ చెప్పొద్దు. ఆయప్ప మొదట చెవి కాడ చెప్పినప్పుడే నాకు వినబడింది. ఇంకోసారి వినాలనిపించి "ఏమి" అన్నా.

మూడు సాయంత్రాలు ఊర్లో ఒక్క టీవీ లేదు. అందరూ వీధిలోకి వచ్చి కూర్చున్నారు, పాడినారు, నన్ను ఏడిపించినారు. బల్బులన్నీ వెలుగుతానే ఉండాయి.

మీ నాయనకు ఎవురు చెప్పేది? నాకు భయం.

మీ అత్త

బ్రూక్‌ఫీల్డ్,
11 ఏప్రిల్, శుక్రవారం

పెళ్ళికూతురా,

ఏడు రోజులు, ఏడు సాయంత్రాలు, చీకటి సున్నా! ఐదో తేదీ పొద్దుపోయేసరికి బ్యాటరీలో వందకి తొమ్మిది పాళ్ళే మిగిలింది. నేను గోళ్ళన్నీ కొరికేశాను.

హేమంత్‌కుమార్ సార్ కాగితాలు ముందేసుకొని, "మబ్బు రోజుల్లో ఊరంతా సగానికి సగం వాడకం తగ్గించుకుంది. ఇంతవరకూ ఎక్కడా ఇలా జరగలేదు. వాళ్ళకి ఏమిచ్చావు?" అని అడిగారు. "పెళ్ళి, సార్" అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకొని, మళ్ళీ పెట్టుకొని, "ఎవరి పెళ్ళి?" అన్నారు. మొత్తం చెప్పాను. ఆయన "హూఁ" అనలేదత్తా. గట్టిగా, పక్క గదుల్లోంచి జనం లేచి వచ్చేలా నవ్వారు! బ్యాటరీ గొల్లకుంటలోనే ఉంటుంది. కాగితం మీద సంతకం అయిపోయింది.

నాన్నకి చెప్పేశాను. చందాపురలో ఇంటికి వెళ్ళి, ఆయన డ్యూటీ నుంచి వచ్చి బూట్లు విప్పుతుంటే చెప్పాను. విప్పిన ఒక బూటు చేతిలో పట్టుకునే కూర్చున్నారు. "అక్క మా కోసం చదువు మానింది. బావ పోయాక మీరెవరూ రావద్దని ఒక్కతే నిలబడింది. ఈ ఇరవై రెండేళ్ళలో నాకిది కావాలని ఒక్కసారీ అడగలేదురా" అన్నారు. తర్వాత లేచి, ఆ ఒక్క బూటుతోనే వీధిలోకి నడిచి, ఎదురింటివాళ్ళని అడిగారు, "మంచి పట్టుచీరలు ఎక్కడ దొరుకుతాయి?" అని.

శ్రీనివాసప్ప మామకి నా నమస్కారాలు. ఇకమీదట అలాగే పిలుస్తాను.

అక్షర

మల్పె, ఉడుపి పక్కన,
6 మే, మంగళవారం

అక్షరమ్మకు అత్తా మామా ఇద్దరూ ఆశీర్వదించి రాసేది.

ఇది పోస్టులో వేస్తా ఉండా, బాషా ఇంత దూరం రాడు కదా. పెండ్లిలో నువ్వు ఆడిన ఆటకు నీ కాలు బెణికింది కదా, తగ్గిందా? మీ సార్ మూడు సార్లు పాయసం అడిగి వేసుకున్నాడని నేత్రావతి ఊరంతా చెప్తా ఉండాది. మిల్లు నాలుగు దినాలు ఆమే చూస్తానని తాళం లాక్కునింది.

ఈ పొద్దు సముద్రం చూసినాము. ఇద్దరికీ ఇదే మొదలు. మీ మామ చెప్పులు చేత పట్టుకొని, నీళ్ళ అంచున నిలబడి, ఆ కొస దాకా చూస్తానే ఉండాడు. ఏమైందో అని దగ్గరికి పోయినా. నా చెవి కాడ వంగి చెప్పినాడు, "భాగీరథీ, ముప్పై ఏండ్లు వీధికి అరగంట, వీధికి అరగంట అని కొలిచి వదిలినాను. ఇన్ని నీళ్ళు ఉండాయని తెలిసింటే కొంచెం ఎక్కువ వదిలేవాడిని కదా."

నేను నవ్వేకి మొదలుపెట్టినా, ఆపేకి కాలేదు. అంతలో ఒక పెద్ద అల వచ్చి ఇద్దరినీ పడేసింది. పట్టుచీర తడిసి ముద్దయింది. లేచేకి పోతే ఇంకొకటి వచ్చింది. చూసేవాళ్ళు ఏమనుకుంటారో అని ఆయప్ప నన్ను లాగతా ఉండాడు. నేను లేచేది లేదని నీళ్ళలోనే కూర్చున్నా. కాసేపటికి ఆయప్పా కూర్చున్నాడు.

మీ అత్త
భాగీరథి